బల్ల, మాయ, మంట

పాత తరం తెలుగువాళ్లు ప్లీహాన్ని బల్ల అనేవాళ్లు. పిల్లాడి డొక్కలో ఎడమపక్క గట్టిగా చేతికి తగిలితే ‘కడుపులో బల్ల పెరిగింది’ అని తేల్చేసి, ఆకుపసరు పోయించడమో వాతలు పెట్టించడమో చేసేవాళ్లు. చాలావరకు అది మలేరియా పుణ్యం. చలిజ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ ప్లీహం మరికాస్త ఉబ్బేది. కానీ మలేరియా లేకుండా, తలసేమియా లేకుండా, కాలేయం జబ్బూ లేకుండా బల్ల బొడ్డు దాకా దిగిన పిల్లలు ఎప్పుడూ కొందరు ఉంటూనే వచ్చారు. వాళ్ల కథకు మొదటి పేజీ పారిస్‌లో ఉంది.

1882లో ఫిలిప్ గోషే అనే వైద్యుడు, ఇంకా ముప్పై నిండనివాడు, డాక్టరేటు కోసం ఒక సిద్ధాంత వ్యాసం రాశాడు. (మన ఆస్పత్రుల్లో ఈ పేరు ‘గౌచర్’ అని స్థిరపడిపోయింది. ఫ్రెంచివాళ్ల నోట అది గోషే. నేను ఆయన ఊరి పద్ధతే పాటిస్తాను.) వ్యాసంలో ఉన్నది 32 ఏళ్ల స్త్రీ. ఏళ్ల తరబడి ప్లీహం పెరుగుతూ పోయి చివరికి ప్రాణం పోయింది. శవపరీక్షలో ఆ ప్లీహాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే నిండా పెద్ద పెద్ద పాలిపోయిన కణాలు. గోషే దాన్ని ప్లీహంలోనే పుట్టిన కేన్సర్ అనుకున్నాడు. నిర్ధారణ తప్పింది గానీ చూసింది చూసినట్టు రాశాడు. జబ్బుకు ఆయన పేరు నిలిచింది అందుకే. ఆ తర్వాత ఆయన చర్మవ్యాధులు, సుఖవ్యాధుల ప్రొఫెసరుగా స్థిరపడ్డాడు. 1918లో చనిపోయేనాటికి తన పేరుతో తిరుగుతున్న జబ్బు లోగుట్టు ఆయనకు గానీ ఇంకెవరికి గానీ తెలియదు.

ఆ కణాన్ని ఇప్పటికీ చూడొచ్చు. తుంటి ఎముకలోకి సూది దింపి మజ్జ తీసి, గాజుపలక మీద పల్చగా రాసి, రంగు అద్ది చూస్తే చాలు. చుట్టూ చిన్నచిన్న రక్తకణాలు కిక్కిరిసి ఉంటాయి. మధ్యలో ఇదొక్కటి వాటికి అయిదారింతలు, ఒక్కోసారి అంతకు మించి. కేంద్రకం గెంటేసినట్టు ఒక మూలకు ఒదిగి ఉంటుంది. మిగతా ఒళ్లంతా సన్నని గీతలు, ముడతలు. వైద్య పుస్తకాలు నలిపిన టిష్యూ పేపర్‌తో పోలుస్తాయి. నాకైతే గంజి లేని పల్చటి నూలు చీరను ఉతికి, పిండి, దులపకుండా తీగ మీద పడేసినట్టు కనిపిస్తుంది. ఆ ముడతల్లో ఉన్నది కొవ్వు. గొట్టాల్లా చుట్టుకుపోయిన కొవ్వు.

అది కొవ్వని తెలియడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1900 దాటాక న్యూయార్క్‌లో నేథన్ బ్రిల్ ఇది ఒకే కుటుంబంలో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు వస్తోందని గమనించి గోషే పేరు ఖాయం చేశాడు. 1924లో వియన్నాలో ఎపస్టైన్ ఆ కణాల్లో పేరుకున్నది చక్కెర అంటుకున్న కొవ్వు పదార్థమని చెప్పాడు. ఆ చక్కెర గెలాక్టోజ్ అని కొన్నాళ్లు పొరబడ్డారు. గ్లూకోజ్ అని 1934లో అగియోన్ అనే పరిశోధకురాలు పారిస్‌లోనే సరిదిద్దింది. గ్లూకోసెరెబ్రొసైడ్ అన్న పేరు అలా ఖాయమైంది. ఈ యాభై ఏళ్లలో రోగులకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు. ప్లీహం మరీ పెద్దదైతే కోసి తీసేసేవాళ్లు, అంతే. అది తీసేశాక ఆ కొవ్వు ఎముకల్లో, కాలేయంలో మరింత జోరుగా పేరుకునేది.

రోగులకు పనికిరాని ఆ ఆపరేషన్ పరిశోధకులకు పనికొచ్చింది. కోసి తీసిన ప్లీహాలు ప్రయోగశాలలకు దొరికాయి.

వాషింగ్టన్ పక్కనే బెథెస్డాలో ఉన్న అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 1954లో చేరిన రాస్కో బ్రేడీ కొవ్వుల రసాయనం మీద చేయి తిరిగిన మనిషి. ఆయన వేసుకున్న ప్రశ్న ఇల్లు నడిపే వాళ్లు రోజూ వేసుకునేదే. గుమ్మం దగ్గర చెత్త కుప్పలుగా పడి ఉంటే కారణాలు రెండే. ఇంట్లోవాళ్లు మితిమీరి పోస్తున్నారు, లేదంటే చెత్తబండి రావడం లేదు. ఈ రెండింట్లో ఏది? 1960లో ఆయన, ట్రామ్స్ అనే సహచరుడు కలిసి గోషే రోగుల ప్లీహాన్ని పల్చటి ముక్కలుగా కోసి, రేడియోధార్మిక గుర్తు తగిలించిన ముడిసరుకు అందించి, ఆ కొవ్వు ఎంత తయారవుతోందో కొలిచారు. తయారీ మామూలుగానే ఉంది. అంటే చెత్తబండి రావడం లేదన్నమాట. ఈ ప్రయోగాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికి రావాల్సిన పని ఉంది.

ఈలోగా బెల్జియంలో క్రిస్టియాన్ డ డూవ్ 1955లో కణం లోపల లైసోసోమ్ అనే చిన్న సంచిని కనిపెట్టాడు. కణం మింగిన పాత సరుకునంతా ఆమ్లంలో నానబెట్టి ఎంజైములతో ముక్కలు చేసే చోటు అది. మన ఒంట్లో రోజుకు దాదాపు 20,000 కోట్ల ఎర్రకణాలు ఆయువు తీరి పోతుంటాయి. వాటిని మింగి అరిగించే పని మాక్రోఫేజ్ అనే కణాలది. ఇవి ఎక్కువగా కాపురం ఉండేది ప్లీహంలో, కాలేయంలో, ఎముక మజ్జలో. ఎర్రకణం పొరలోను, తెల్లకణం పొరలోను ఉన్న కొవ్వుల్ని మెట్టు మెట్టుగా విడగొట్టుకుంటూ పోతే చివరి మెట్ల మీద ఒకచోట గ్లూకోసెరెబ్రొసైడ్ తగులుతుంది. దాన్ని గ్లూకోజ్‌గా, సెరమైడ్‌గా రెండు ముక్కలు చేయడానికి ఒక ఎంజైమ్ కావాలి.

వెతుకుతున్న ఎంజైమ్ అదేనని 1965లో తేలింది. గుర్తు తగిలించిన గ్లూకోసెరెబ్రొసైడ్‌ను చేతితో తయారు చేయడం అప్పట్లో తలకు మించిన పని. ఇజ్రాయెల్‌కు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు డేవిడ్ షపీరో దాన్ని సాధించాడు. ఆ పదార్థాన్ని గోషే రోగుల ప్లీహం మీద ప్రయోగిస్తే బ్రేడీకి, కాన్ఫర్‌కు జవాబు దొరికింది. గ్లూకోసెరెబ్రొసైడేజ్ అనే ఎంజైమ్ ఆరోగ్యవంతుల్లో ఉన్నంతలో చాలా కొద్ది పాలే వీళ్లలో ఉంది. అదే ఏడాది ప్యాట్రిక్ అనే మరో శాస్త్రవేత్త విడిగా అదే నిర్ణయానికి వచ్చాడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడినవే వస్తేనే జబ్బు. ఒకటే చెడితే మనిషి సుబ్బరంగా ఉంటాడు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో దాదాపు 850 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. మిగతా ప్రపంచంలో సుమారు 40 నుంచి 60 వేల పుట్టుకలకు ఒకటి.

లోపించింది ఎంజైమ్ కాబట్టి ఎంజైమ్ ఎక్కిస్తే సరి. ఈ మాట చెప్పడానికి ఒక నిమిషం పట్టింది, చేసి చూపించడానికి పాతికేళ్లు పట్టింది.

ఎంజైమ్ ఎక్కడినుంచి తేవాలి? మనిషిదే కావాలి, పుష్కలంగా కావాలి, ఎవర్నీ కోయకుండా దొరకాలి. బ్రేడీ కన్ను మాయ మీద పడింది. కాన్పు అయ్యాక బిడ్డ వెనక వచ్చే మాయ. మన ఊళ్లలో దాన్ని కుండలో పెట్టి, కుక్కలు తవ్వకుండా లోతుగా పూడ్చేవాళ్లు. పాశ్చాత్య ఆస్పత్రుల్లో పారేసేవాళ్లు. అరకిలో ఉండే ఆ మాంసపు ముద్దలో గ్లూకోసెరెబ్రొసైడేజ్ ఉంది, చాలా కొద్దిగా. 1973 నాటికి పెంచెవ్ దాన్ని శుద్ధి చేసే దారి కనిపెట్టాడు. మరుసటి ఏడాది ఇద్దరు రోగులకు ఎక్కించి చూశారు. కాలేయంలో పేరుకున్న కొవ్వు దాదాపు నాలుగో వంతు తగ్గింది.

ఆ ఉత్సాహం ఎంతోకాలం నిలవలేదు. తర్వాతి రోగుల్లో ఒకసారి పనిచేసినట్టే ఉండేది, ఇంకోసారి ఉండేది కాదు. ఎక్కించిన ఎంజైమ్ అంతా ఎటు పోతోంది? అది చేరుతున్నది కాలేయంలోని మామూలు కణాలకు, జబ్బు కూర్చున్నది మాక్రోఫేజ్‌లలో. ఉత్తరం మంచిదే, చిరునామా తప్పు.

ఈ చిరునామా దిద్దిన తీరు ఈ నూట నలభై ఏళ్ల కథలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం. ఎంజైమ్ ఒంటి మీద చక్కెరల కొమ్మలుంటాయి. ఒక్కో కొమ్మ చివర సియాలిక్ ఆమ్లం, దాని కింద గెలాక్టోజ్, దాని కింద ఎసిటైల్ గ్లూకోజమిన్, అన్నిటికీ అడుగున మానోజ్. కాలేయ కణాలకు గెలాక్టోజ్‌ను పట్టుకునే కొక్కేలున్నాయని అప్పటికే తెలుసు. మాక్రోఫేజ్‌లకు ఉన్నది మానోజ్ కొక్కెం. ఎందుకంటే శిలీంధ్రాల్లాంటి చొరబాటుదార్ల పైతొడుగు మానోజ్‌తో మెరుస్తుంది, దాన్ని గుర్తుపట్టి మింగడం మాక్రోఫేజ్ కాపలా ఉద్యోగంలో భాగం. స్కాట్ ఫర్బిష్, జాన్ బారంజర్ తదితరులు మూడు ఎంజైములతో ఆ కొమ్మల చివర్లను ఉల్లిపొరల్లా ఒక్కొక్కటే ఒలిచి, అడుగున ఉన్న మానోజ్‌ను బయటపెట్టారు. 1981 నాటికి ఈ పద్ధతి చేతికొచ్చింది. మందును శత్రువులా వేషం వేయించి పంపారన్నమాట. మాక్రోఫేజ్ దాన్ని చూడగానే మింగుతుంది, మింగింది తిన్నగా లైసోసోమ్‌కు చేరుతుంది. నాకు తెలిసినంతలో ఒక మందుకు ఇంత తెలివిగా చిరునామా రాయడం అదే మొదలు.

అప్పటికీ మరో అడ్డంకి. 1980ల మధ్యలో కొద్దిమందికి ఈ కొత్త ఎంజైమ్ ఎక్కిస్తే పెద్దవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఒక్క నాలుగేళ్ల బాబులో మాత్రం హిమోగ్లోబిన్ పెరిగింది. మందు ఆపితే పడిపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ లేచింది. అందరికీ ఎక్కించిన మోతాదు ఒకటే, బాబు ఒళ్లు చిన్నది. కిలోకు లెక్కేస్తే పెద్దవాళ్లకన్నా వాడికి ఎన్నోరెట్లు ఎక్కువ అందింది. అలా తెలిసిన లెక్కతో 12 మందికి రెండు వారాలకోసారి కిలో బరువుకు 60 యూనిట్ల చొప్పున ఇచ్చి, ఫలితాలను 1991లో ప్రచురించారు. ప్లీహాలు కుంచించుకుపోయాయి, రక్తం పట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం సెరెడేజ్ అనే పేరుతో మందుకు అనుమతి ఇచ్చింది. బోస్టన్‌లో 1981లో పుట్టిన జెంజైమ్ అనే చిన్న కంపెనీ దాంతో పెద్దదైంది.

ఒక పెద్దమనిషికి ఒక ఏడాది మందు కావాలంటే 20,000కు పైగా మాయలు కావాల్సి వచ్చేది. ఆ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇరవై వేల కాన్పులు, ఇరవై వేల మంది తల్లులు. ధర ఏడాదికి లక్షల డాలర్లు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన మందుల్లో ఒకటని అప్పట్లో గగ్గోలు పుట్టింది. 1994లో చిట్టెలుక జాతికి చెందిన ఒక జీవి కణాల్లో మనిషి జన్యువును పెట్టి ఎంజైమ్‌ను పెంచడం మొదలయ్యాక మాయల అవసరం తీరింది. ధర మాత్రం దిగలేదు. 2009లో ఆ కంపెనీ కర్మాగారంలో కణాలకు వైరస్ సోకి ఉత్పత్తి ఆగిపోతే లోకమంతా రోగులు మోతాదు సగానికి కోసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే పోటీ ఎంజైమ్ మందులు వచ్చాయి. 2012లో అనుమతి పొందిన ఒకటి క్యారట్ కణాల్లో తయారయ్యేది.

మన దేశానికి ఈ మందు 1999లో దానంగా వచ్చింది. కంపెనీ దయాపథకం కింద ఎంపికైన కొద్దిమంది పిల్లలకే అందేది. మిగతావాళ్ల సంగతి 2014లో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చింది. ఏడేళ్ల బాబు, తండ్రి రిక్షా కార్మికుడు. అంతకుముందు తోబుట్టువుల్ని కూడా ఇదే జబ్బు తీసుకుపోయింది. జస్టిస్ మన్మోహన్ ఆ ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో బాబుకు ప్రభుత్వమే ఉచితంగా చికిత్స చేయించాలన్నారు. అరుదైన జబ్బులకు ఒక విధానం ఉండాలన్న మాట ఢిల్లీలో గట్టిగా వినపడింది అప్పటినుంచే. 2017లో ఒకటి రాసి పక్కన పెట్టేశారు, 2021లో ఇంకొకటి వచ్చింది. 2022 సవరణతో గుర్తించిన కేంద్రాల్లో ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం అన్నారు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి ఒక కేంద్రం. పెద్ద మొత్తమే అనిపిస్తుంది. కానీ ఈ మందును కిలోల లెక్కన ఎక్కిస్తారు. పిల్లాడు బతికి బట్టకట్టి బరువు పెరిగితే ఖర్చూ వాడితో పాటే పెరుగుతుంది. వాడు ఎదిగేకొద్దీ 50 లక్షలు అంతకంత తొందరగా కరిగిపోతాయి. ఈ లెక్క వేసిన వాళ్లకు పిల్లాడి బరువు గుర్తొచ్చిందో లేదో.

2023 నవంబరులో కేంద్రం మరో కబురు చెప్పింది. ఎలిగ్లుస్టాట్ అనే మాత్ర, ఏడాదికి కోటీ 80 లక్షల నుంచి 3 కోట్ల 60 లక్షల దాకా అయ్యేది, దేశీయ తయారీతో 3 నుంచి 6 లక్షలకు దిగింది. ఈ మాత్ర ఎంజైమ్‌ను ఇవ్వదు, కొవ్వు తయారీనే తగ్గిస్తుంది. చెత్తబండి రాకపోతే చెత్త తక్కువ పోయండి అన్న ఉపాయం. మంచి కబురే గానీ అందులో ఒక మెలిక ఉంది. మన దేశంలోని గోషే రోగుల్లో ఎక్కువగా కనిపించే జన్యుమార్పు ఎల్444పి. రెండు ప్రతులూ అదే అయితే జబ్బు మెదడును కూడా తాకుతుంది. ఈ మాత్ర గానీ సెలైన్‌తో ఎక్కించే ఎంజైమ్ గానీ మెదడు లోపలికి చేరవు. ఇక మన ఇళ్లలో మేనరికాలు. ఒకే ముత్తాత నుంచి దిగిన చెడ్డ జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం అక్కడ ఎక్కువ. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. ‘మొదటి బిడ్డ పోయాడు కదా, ఇంక భయం లేదు’ అని సర్దిచెప్పే పెద్దలు మనకు కొదవ లేదు. జన్యువులు అలాంటి లెక్కలు ఉంచుకోవు.

ఇక్కడిదాకా చెప్పింది ఒక గెలుపు కథ. దీని అడుగున ఒక లెక్క తేలకుండా మిగిలిపోయింది.

మామూలు ప్లీహం 150 గ్రాములుంటుంది. గోషే రోగిలో కిలోలకు కిలోలు తూగొచ్చు. అదనంగా పెరిగిన బరువులో పేరుకున్న కొవ్వు ఎంత? కేంబ్రిడ్జ్‌లో ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేసిన తిమతీ కాక్స్ లాంటివాళ్లు ఎత్తిచూపిన అంకె రెండు శాతంలోపే. కిలో అదనంగా ఉంటే అందులో ఇరవై గ్రాములు కూడా ఆ కొవ్వు కాదు. గోదాములో సరుకు పేరుకుని గోడలు ఉబ్బాయన్న కథ నిజమైతే బరువంతా సరుకుదే కావాలి. మరి మిగతా తొంభై ఎనిమిది పాళ్లు ఏమిటి? వచ్చి చేరిన కణాలు, వాపు, మచ్చకట్టిన కండ. నిండిన గోదాము అనుకున్న చోట నివురుగప్పిన నిప్పు ఉంది.

ఇన్‌ఫ్లమేషన్‌కు మన పత్రికల్లో ఎవరికి తోచిన మాట వాళ్లు వాడతారు. వాపు, శోథ, మంట. నేను మంట అనే అంటాను. గోషే జబ్బులో ఆ మంట మొదటినుంచీ కళ్ల ముందే ఉంది. ఎముక సంక్షోభం అనే ఘట్టాన్ని తీసుకోండి. పద్నాలుగేళ్ల కుర్రాడికి తొడ ఎముకలో భరించలేని నొప్పి, జ్వరం, కాలు వాచి ఎర్రబడుతుంది. రక్తపరీక్షలో మంటకు సూచిక అయిన ఈఎస్ఆర్ ఆకాశంలో ఉంటుంది. ఎముకల డాక్టరుకు చీము పట్టిందన్న అనుమానం రావడం సహజం. కోసి చూస్తే చీము ఉండదు, క్రిమి పెరగదు. పైగా కోసినందుకే అప్పుడు నిజంగా క్రిములు చేరిన సందర్భాలున్నాయి. ఎముకకు రక్తం అందక కొంత భాగం చచ్చిపోయి, ఒళ్లు దానికి మంటతో బదులు చెబుతోందన్నది తర్వాతి తరం తెలుసుకున్న సంగతి.

ఇంకో ఆనవాలు రక్తంలో దొరికింది. రోగుల్లో యాంటీబాడీలు అక్కర్లేకుండా పెరిగి ఉంటాయని 1960ల్లోనే గమనించారు. మజ్జలో వచ్చే మైలోమా అనే కేన్సర్ వీళ్లలో మామూలుకన్నా ఎక్కువ. 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్లా హోలక్, హాన్స్ ఆర్ట్స్ బృందం రోగుల రక్తంలో కైటోట్రయోసిడేజ్ అనే ఎంజైమ్ మామూలుకన్నా వందల రెట్లు, మధ్యస్థంగా 600 రెట్లకు పైగా ఉందని చూపింది. అది శిలీంధ్రాల, పురుగుల పైపెంకును విరగ్గొట్టే ఆయుధం. శత్రువు లేని చోట ఈ మాక్రోఫేజ్ కత్తులు నూరుతూ కూర్చుందన్నమాట. నిండిపోయిన చెత్తకుండీ అలా చేయదు. అయినా వైద్యులు దాన్ని ఎక్కువగా మందు పనితనం కొలిచే కొలబద్దగానే వాడుకున్నారు. కొలబద్ద చేతిలో ఉండి కూడా అది ఏం చెబుతోందో చాలాకాలం వినలేదన్నది నా ఫిర్యాదు. గోదాము ఉపమానం మందును తెచ్చిపెట్టింది, దాని రుణం ఎవరూ కాదనలేరు. ఆ ఉపమానమే కళ్లకు గంతలూ కట్టింది.

మెదడు వైపు నుంచి కూడా తలుపు తట్టారు. బెథెస్డాలోనే ఎలెన్ సిడ్రాన్‌స్కీ నాయకత్వంలో 16 కేంద్రాలు కలిసి 5,691 మంది పార్కిన్‌సన్స్ రోగుల జన్యువుల్ని పరిశీలించి 2009లో ఫలితం ప్రకటించాయి. గోషే జన్యువులో మార్పు ఉన్నవాళ్లు పార్కిన్‌సన్స్ రోగుల్లో అయిదింతలకు పైగా ఎక్కువగా తేలారు. ఒక్క ప్రతి చెడినా ‘సుబ్బరంగా ఉంటాడు’ అని పైన రాశాను కదా, ఆ వాక్యానికి అక్కడే చిన్న చిల్లు పడింది. ఇజ్రాయెల్‌లో ఫ్యూటర్‌మన్, విట్నర్ల బృందం 2014లో ఈ జబ్బు పెట్టిన ఎలుకల మెదడులో కణాలు మంటతో చచ్చే దారిని ఒకదాన్ని పట్టుకుంది. మందుల దుకాణంలో దగ్గు సిరప్‌లో అమ్మే ఆంబ్రాక్సాల్, వంకరగా మడతపడిన ఈ ఎంజైమ్‌ను సాపు చేసి లైసోసోమ్‌కు చేర్చగలదని టొరంటోలో తెలుసుకున్నారు. లండన్‌లో పార్కిన్‌సన్స్ రోగులకు రోజుకు 1.26 గ్రాముల చొప్పున ఇచ్చి 2020లో చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించారు. అంత మోతాదులో అది మెదడు ద్రవంలోకి చేరుతోంది. ఆంబ్రాక్సాల్ పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే అడ్డసరం మొక్కలోని వాసిసిన్ దగ్గర తేలతాం. పెరటి కంచెకు వేసే ఆ మొక్కను మేకలు కూడా ముట్టవు.

ఇక మంట ఎక్కడ రాజుకుంటోందన్న ప్రశ్న. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆస్పత్రిలో మనోజ్ పాండే, గ్రెగరీ గ్రబౌస్కీ, జర్మనీలోని ల్యూబెక్ నుంచి యోర్గ్ కోల్ కలిసి దానికి జవాబు వెతికారు. గ్రబౌస్కీ గోషే జబ్బు పండితుడు. కోల్ నైపుణ్యం కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ దళం. ఆ దళాన్ని నూరేళ్లకు ముందే గుర్తించిన బెల్జియం శాస్త్రవేత్త జూల్స్ బోర్డేకు 1919 నోబెల్ వచ్చింది. యాంటీబాడీ ఎక్కడైనా శత్రువును అంటిపెట్టుకుంటే కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఒకదాని తర్వాత ఒకటి తెగిపడతాయి. వాటిలో సి5ఎ అనే చిన్న ముక్క ఊరంతా దండోరా వేసే రకం. దాని పిలుపు వింటే తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి.

పాండే బృందం ఎలుకల్లోనూ, తర్వాత రోగుల రక్తంలోనూ చూసింది ఇది. పేరుకున్న గ్లూకోసెరెబ్రొసైడ్‌ను ఒళ్లు పరాయిదిగా ఎంచి దాని మీదే యాంటీబాడీలు తయారు చేస్తోంది. కొవ్వు, యాంటీబాడీ కలిసిన ముద్దలు కాంప్లిమెంట్‌ను రెచ్చగొడుతున్నాయి. సి5ఎ పుట్టి మాక్రోఫేజ్ మీద ఉన్న తన గ్రాహకం తలుపు తడుతోంది. తలుపు తీసిన మాక్రోఫేజ్ మంట పుట్టించే రసాయనాలు వెదజల్లుతోంది. ఇంతవరకు ఊహించగలిగిందే. ఊహించనిది దాని వెనక ఉంది. సి5ఎ తాకిన కణం గ్లూకోసెరెబ్రొసైడ్‌ను తయారు చేసే ఎంజైమ్‌ను కూడా పెంచుకుంటోంది. అంటే విరగ్గొట్టే చేయి ఎలాగూ లేదు, పైగా తయారుచేసే చేయి జోరందుకుంటోంది. కొవ్వు పెరిగితే యాంటీబాడీ, యాంటీబాడీ పెరిగితే సి5ఎ, సి5ఎ పెరిగితే మళ్లీ కొవ్వు. గానుగెద్దులా అక్కడే తిరుగుతుంది. సి5ఎ గ్రాహకం లేని ఎలుకల్లో ఈ గానుగ ఆగిపోయింది. కొవ్వు పేరుకోవడం తగ్గింది, కణాల గుంపు చేరడం తగ్గింది. గ్రాహకాన్ని మందుతో మూసినా అదే ఫలితం. ఆ గ్రాహకాన్ని మూసే అవాకోపాన్ అనే మాత్రకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, వేరే జబ్బుకు, రక్తనాళాల మంటకు.

పాండే బృందం వ్యాసం నేచర్ పత్రికలో వచ్చింది 2017లో. ఇప్పుడు 1960 దగ్గరికి వెనక్కి వెళదాం. ట్రామ్స్, బ్రేడీ ప్లీహం ముక్కల్లో తయారీని కొలిచి, అది మామూలుగానే ఉందన్నారు. వాళ్ల కొలత తప్పు కాదు, ఆ కొలత మీద నిలబెట్టిన మందు ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఆ ముక్క అప్పటికి ఒంట్లోంచి కోసేసింది. దాన్ని ఉంచింది గాజుపాత్రలో, ద్రావణంలో. దాని మీదుగా రక్తం పారడం లేదు. రక్తం లేని చోట కొత్త యాంటీబాడీ రాదు, కాంప్లిమెంట్ రాదు, దండోరా వేసేవాడు లేడు. దండోరా లేనప్పుడు ఆ కణాలు తమ మానాన తాము మామూలుగా పనిచేసుకుని ఉంటాయని నా ఊహ. మితిమీరి పోస్తున్నారా, బండి రావడం లేదా అన్న ఇంటిప్రశ్నకు ‘రెండూ’ అన్న జవాబు రావడానికి యాభై ఏడేళ్లు పట్టింది. బ్రేడీ అప్పటికి లేరు. 2016 జూన్‌లో, 92 ఏళ్ల వయసులో, ఆ వ్యాసం అచ్చు కావడానికి ఎనిమిది నెలల ముందు వెళ్లిపోయారు.